పాత ఇళ్ళు, కొత్త కట్టడాలు: కోయంబత్తూరు, మదురైలలో మన వీధుల సంగతి

సంఘానికి ఈ మధ్య వచ్చే ఫోన్లు చాలావరకు ఒకే తీరుగా ఉంటున్నాయి. "ఇల్లు అమ్మాలనుకుంటున్నాం, పత్రంలో ఇంకా తాతగారి పేరే ఉంది, ఏం చెయ్యాలి?" "బిల్డరు జాయింట్ వెంచర్ అంటున్నాడు, నమ్మొచ్చునా?" "మా వీధి పేరు తీసేస్తారంట, నిజమా?" అడిగేవాళ్ళంతా నాలుగైదు తరాలుగా ఒకే వీధిలో ఉన్న కుటుంబాలవాళ్ళు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేదానికన్నా అందరికీ పనికొచ్చేట్టు ఒకచోట రాసిపెడదామని ఈ వ్యాసం. ముప్పై ఏళ్ళకు పైగా కాగితాల మధ్యే బతికిన గుమస్తాను కనుక కాగితాల సంగతులు కాస్త ఎక్కువే దొర్లుతాయి. చదువరులు ఓపిక పట్టగలరు.

మనం ఈ నేలకు ఎప్పుడు వచ్చామన్నది ఇక్కడ విస్తరించను. విజయనగర కాలంలో మొదలై, మదురై నాయకుల పాలనలో, అంటే 1529 నుంచి 1736 దాకా, మనవాళ్ళ రాక సాగింది. సేద్యానికి వచ్చినవారు, మగ్గం నేసేవారు, వర్తకులు, కంసాలులు, పురోహితులు, చెప్పులు కుట్టే పని, వీధులు ఊడ్చే పని చేసినవారు అందరూ ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాష అని రాయించుకున్నవారు 5.87 శాతం. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ లెక్కలవాడు వచ్చినప్పుడు తమిళమని చెప్పినవాళ్ళు ఎందరో మనకే తెలుసు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

పీళమేడు

కోయంబత్తూరులో మనవాళ్ళ పేట అనగానే ముందుగా గుర్తొచ్చేది పీళమేడు. ఈ తరం పిల్లలకు అది విమానాశ్రయానికి వెళ్ళే దారిలో ఒక స్టాపు. మా చిన్నతనంలో అది ఊరు. చుట్టూ పత్తి చేలు, మధ్యలో మిల్లులు, మిల్లు కూతను బట్టి పొయ్యి వెలిగించే ఇళ్ళు. 1910లో జి. కుప్పుస్వామి నాయుడుగారు లక్ష్మీ మిల్స్ పెట్టారు. 1930లలో పైకారా జలవిద్యుత్తు కోయంబత్తూరుకు వచ్చాక మిల్లులు వరసగా లేచాయి. పంపు సెట్లు, మోటార్లు, ఫౌండ్రీలు వాటి వెనకే వచ్చాయి. పల్లెలో వ్యవసాయం చేసే నాయుడు పట్నంలో మిల్లు యజమాని అయ్యాడు, అతని పక్క ఇంటివాడు అదే మిల్లులో మేస్త్రీ అయ్యాడు. ఇద్దరూ సాయంత్రం ఒకే అరుగు మీద కూర్చునేవారు. కూర్చునే వరస వేరుగా ఉండేదనుకోండి, మాట మాత్రం ఒకటే.

ఈ పీళమేడులో జరిగిన ఒక పంపకం గురించి మన పిల్లలకు తప్పక చెప్పాలి. 1926లో పి.ఎస్. గోవిందస్వామి నాయుడుగారి నలుగురు కొడుకులు కుటుంబ ఆస్తిని పంచుకున్నారు. నాలుగు వాటాలు వెయ్యవలసిన చోట అయిదు వేశారు. అయిదో వాటాను ధర్మానికి రాశారు. పి.ఎస్.జి. అండ్ సన్స్ చారిటీస్ అలా పుట్టింది. ఆ తర్వాత 1951లో వచ్చిన ఇంజనీరింగు కాలేజీ, పిమ్మట ఆసుపత్రి, ఇంకా ఎన్నో ఆ వాటా నీడన పెరిగినవే. ఇప్పుడు పీళమేడులో అద్దెలు పెరగడానికి ఆ కాలేజీ విద్యార్థులే ఒక కారణమంటే వినేవాళ్ళకు నవ్వు రావచ్చు, కానీ నిజం. పాత ఇంటి వెనక కొట్టాన్ని నాలుగు గదులు చేసి పిల్లలకు అద్దెకిచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి.

మిల్లుల కథ అందరికీ తెలిసిందే. కొన్ని మూతపడ్డాయి, కొన్ని ఊరి బయటకు పోయాయి. పీళమేడు శ్రీరంగవిలాస్ మిల్లు 1974లో జాతీయం అయిన వాటిలో ఒకటి. నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ కింద నడుస్తూ, 2020 మార్చిలో కరోనా లాక్‌డౌనుకు ఆగిపోయింది. నగరంలోని ఆ సంస్థ మిల్లులన్నీ అప్పుడే ఆగిపోయాయి. లక్ష్మీ మిల్స్ ప్రాంగణం మాత్రం మరో దారి పట్టింది. పాత ఇటుక గోడలు కొంత నిలిపి, లోపల హోటళ్ళు, దుకాణాలు పెట్టారు. 2023 జూన్‌లో అక్కడే లులు హైపర్‌మార్కెట్ తెరిచారు. ఒకప్పుడు షిఫ్టు కోసం ఆ గేటు దాటినవాళ్ళ మనవలు ఇప్పుడు ట్రాలీ తోసుకుంటూ దాటుతున్నారు. దీన్ని చూసి బాధపడేవాళ్ళు ఉన్నారు. నాకు మాత్రం పూర్తిగా పడగొట్టి అపార్టుమెంట్లు కట్టడంకన్నా ఇది మేలనిపిస్తుంది. కనీసం గోడ మిగిలింది.

2010లో టైడల్ పార్కు వచ్చినప్పటినుంచి కొత్త ఉద్యోగులు వచ్చారు. 2025 అక్టోబరు 9న గోల్డ్‌విన్స్ నుంచి ఉప్పిలిపాళయం దాకా 10.1 కిలోమీటర్ల అవినాశి రోడ్డు ఫ్లైఓవర్ తెరిచి జి.డి. నాయుడుగారి పేరు పెట్టారు. కళంగల్ పల్లెలో 1893లో పుట్టి, 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టిన మనిషి పేరు అంత పొడవు వంతెనకు ఉండటం మనకు సంతోషమే. అయితే రోడ్డుకు ఆనుకుని ఉన్న పాత పీళమేడు వీధులకు దానివల్ల వచ్చిన మార్పు వేరు. విమానాశ్రయం, ఐటీ ఆఫీసులు, రైలు స్టేషను అన్నీ దగ్గరయ్యేసరికి కొనేవాళ్ళు రోడ్డు మీది స్థలంతో ఆగటం లేదు, లోపలి సందుల్లోకి వస్తున్నారు. మెట్రో రైలు మాట కూడా అంతే. కోయంబత్తూరుకు 39, మదురైకి 32 కిలోమీటర్ల ప్రతిపాదనలు తయారయ్యాయి. 2025 నవంబరులో కేంద్రం జనాభా చాలదన్న కారణంతో వాటిని తిప్పిపంపింది. రైలు రాలేదు, దాని పేరు చెప్పి పెరిగిన ధర మాత్రం దిగలేదు.

ఇల్లు ఎందుకు అమ్ముడుపోతుంది

ధర ఒక్కటే కారణమని చాలామంది అనుకుంటారు. నేను చూసినంతలో ధర మూడో కారణం.

మొదటిది వారసులు. తొట్టికట్టు ఇల్లు ఒక్కటే, వారసులు ఎనిమిది మంది. అందులో ఇద్దరు బెంగుళూరు, ఒకరు అమెరికా, ఇంకొకరు తిరుప్పూరు. ఇల్లు పంచుకుంటే ఒక్కొక్కరికి ఒక గది కూడా రాదు. కనుక అమ్మి డబ్బు పంచుకుంటారు.

ఆడపిల్లల వాటా విషయంలో ఇప్పటికీ మన ఇళ్ళలో తప్పుడు అభిప్రాయాలు ఉన్నాయి. తమిళనాడు 1989లోనే చట్టం సవరించి, ఆ ఏడు మార్చి 25 నాటికి పెళ్ళికాని కూతుళ్ళకు పూర్వీకుల ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర చట్టం పెళ్ళయినవారికి, కానివారికి ఒకే హక్కు ఇచ్చింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉన్నా లేకున్నా కూతురికి హక్కు ఉంటుందని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పత్రం ద్వారా గానీ కోర్టు డిక్రీ ద్వారా గానీ పంపకం అయిపోయి ఉంటే దాన్ని తిరగదోడటానికి లేదు. కాబట్టి "అక్కయ్యకు పెళ్ళిలో బంగారం పెట్టేశాం" అన్న మాట రిజిస్ట్రారు ముందు చెల్లదు. అక్కాచెల్లెళ్ళ సంతకం లేకుండా అమ్మిన ఇల్లు తర్వాత కోర్టుకు ఎక్కితే బిల్డరు తప్పుకుంటాడు, మనవాళ్ళు మిగులుతారు. నా మాటగా చెప్పాలంటే ఇది ఆలస్యంగా వచ్చిన న్యాయం. ఇళ్ళు తొందరగా అమ్ముడుపోవడానికి ఇది కారణమని ఆడపిల్లలను తప్పుపట్టే పెద్దలు మనలో ఉన్నారు. వాళ్ళతో నేను ఏకీభవించను.

రెండో కారణం కట్టడం నిబంధనలు. 2019లో తమిళనాడులో వచ్చిన ఉమ్మడి కట్టడ నిబంధనల ప్రకారం మామూలు భవనానికి స్థలం కొలతకు రెండింతల అంతస్తుల విస్తీర్ణం కట్టుకోవచ్చు. ముందు ఒకటిన్నర రెట్లే ఉండేది. ఒకే అంతస్తు పెంకుటిల్లు ఉన్న స్థలం బిల్డరు లెక్కలో సగానికి పైగా ఖాళీగా ఉన్నట్టే. మన కళ్ళకు ఇల్లు కనపడుతుంది, వాడి కళ్ళకు దానిపైన ఉన్న గాలి కనపడుతుంది.

పీళమేడు పాత వీధిలో ఒక పెద్దమ్మ ఉండేది. ఇల్లు ఇచ్చేసి బదులుగా రెండు ఫ్లాట్లు తీసుకున్నారు. సంఘం వార్షిక చందాకు వెళ్ళినప్పుడు అడిగాను, ఎలా ఉంది పెద్దమ్మా అని. "అన్నీ బాగున్నాయి నాయనా, నీళ్ళు పైకే వస్తున్నాయి, బాత్రూము పక్కనే ఉంది. తలుపు తీస్తే మనిషి కనపడడు, లిఫ్టు కనపడుతుంది, అంతే" అంది. ఆమె ఫిర్యాదు చెయ్యలేదు. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషికి వెనకటి ఇంట్లో బావి, పెరటి మరుగుదొడ్డి నరకమే. పాత ఇళ్ళను పొగిడే మనం ఆ సంగతి మరిచిపోతాం.

టౌన్‌హాల్ వెనక వీధులు

కోయంబత్తూరు పాతబస్తీలో ఒప్పణక్కార వీధి, రాజ వీధి చుట్టుపక్కల మన గుర్తులు పేర్లలోనే ఎక్కువగా మిగిలాయి. తెలుగు బ్రాహ్మణ వీధి ఉంది. నగరానికి నైరుతిన తెలుంగుపాళయం ఉంది. పాపనాయక్కన్‌పాళయం వంటివి సరేసరి. ఈ పాతబస్తీ వీధుల్లో ఇంటి ముందరి భాగం నగల పని కొట్టు, వెనక సంసారం, ఇదీ పాత పద్ధతి. ఇప్పుడు పై అంతస్తుల్లో బెంగాలు నుంచి వచ్చిన కంసాలి కుర్రాళ్ళు కూర్చుని పని చేస్తున్నారు. కింద షోరూము. మనవాళ్ళు అద్దె తీసుకుంటూ వేరే పేటల్లో ఉంటున్నారు. ఇక్కడ ఇల్లు అమ్ముడుపోవడంకన్నా ఇల్లు దుకాణం కావడం ఎక్కువ. రాత్రి తొమ్మిదింటికి షట్టర్లు దించాక ఆ వీధిలో దీపం వెలిగే ఇళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

ఉక్కడం

మన పేటలు అనగానే పెద్ద ఇళ్ళ గురించే రాసి ఊరుకోవడం సంఘాలకు అలవాటు. కోయంబత్తూరులో నగరసభ పారిశుద్ధ్యపు పనివారిలో తెలుగు ఇంటిభాషగా ఉన్న అరుంధతీయ కుటుంబాలు ఎన్నో. ఉక్కడం దగ్గర సి.ఎం.సి. కాలనీ వారి నివాసం. తరతరాలుగా నగరం శుభ్రం చేసినవారు ఉన్న చోటు అది. ఉక్కడం, ఆత్తుపాలం మధ్య ఫ్లైఓవర్ కోసం ఆ కాలనీ ఇళ్ళు తీసేశారు. ఆ వంతెన 2024 ఆగస్టులో తెరుచుకుంది. ఆ చుట్టుపక్కల చెరువుగట్ల మీద ఉన్న ఇతర కుటుంబాలు చాలా కీరనత్తం, మలుమిచ్చంపట్టి వంటి దూరపు బోర్డు ఇళ్ళకు మారవలసి వచ్చింది. స్మార్ట్ సిటీ కింద వాలాంకుళం, ఉక్కడం పెద్దచెరువుల గట్లు ఇప్పుడు అందంగా ఉన్నాయి, సాయంత్రం జనం నడకకు వస్తారు. గట్టు మీద నడిచేవారికి ఆ చోట ముందు ఎవరుండేవారో తెలియదు.

పీళమేడులో ఇల్లు పోయినవాడికి డబ్బు వచ్చింది, ఫ్లాటు వచ్చింది, అమ్మాలా వద్దా అన్న నిర్ణయం చేతిలో ఉంది. ఉక్కడంవారికి అది లేదు. తెల్లవారుజామున పనికి హాజరు కావలసిన మనిషిని పది పన్నెండు కిలోమీటర్ల అవతల పెట్టినప్పుడు బస్సు ఖర్చు జీతంలోంచే పోతుంది. పిల్లల బడి మారుతుంది. ఒకే చోట ఉన్న తెలుగు కుటుంబాలు బ్లాకుల వారీగా చెదిరిపోయి పక్క గుమ్మంలో వేరే మాట వినపడుతుంది. మన సంఘాల సభ్యత్వ జాబితాల్లో ఈ కుటుంబాల పేర్లు ఎన్ని ఉన్నాయో ప్రతి కార్యదర్శీ ఒకసారి రిజిస్టరు తీసి చూడాలి.

మదురై: ఎత్తు పెరగని మార్పు

మదురై సంగతి పూర్తిగా వేరు. మీనాక్షి అమ్మవారి గుడి చుట్టూ ఒక కిలోమీటరు లోపల కట్టడం ఎత్తు తొమ్మిది మీటర్లు దాటకూడదని నిబంధన ఉంది. గోపురాలు కనపడాలని పెట్టిన నియమం. అందువల్ల మాసి వీధుల్లో, వెలి వీధుల్లో కోయంబత్తూరులోలాగా పది అంతస్తులు లేవవు. బయటినుంచి చూసేవాళ్ళకు మదురై పాత నగరం మారలేదనిపిస్తుంది. లోపలికి వెళ్తే తెలుస్తుంది.

గుడి చుట్టూ చతురస్రాలుగా ఉన్న ఆ వీధుల వరసను ఇప్పుడున్న రూపంలో తీర్చినది నాయకుల కాలంలోనే. తిరుమల నాయకుడు 1623 నుంచి 1659 దాకా పాలించాడు, 1636లో మహలు కట్టించాడు. ఇప్పుడు మనం టికెట్టు కొని చూసేది అప్పటి మహల్లో నాలుగో వంతే. మిగతా భాగం ఎక్కడుండేదో వీధుల పేర్లు చెబుతాయి. పది స్తంభాల సందు, నవబత్‌ఖానా వీధి వంటివి మహలులోని భాగాలే. 1840లలో బ్లాక్‌బర్న్ దొర కలెక్టరుగా ఉన్నప్పుడు కోటగోడలు పడగొట్టి అగడ్త పూడ్చారు. ఆ పని చూసినవారి పేర్లతో మారెట్ వీధులు, పెరుమాళ్ మేస్త్రీ వీధులు వచ్చాయి. అంటే మదురై పాత నగరం మారడం ఇదే మొదటిసారి కాదు. ఈ ఆస్థానంలోనే సముఖము వెంకటకృష్ణప్ప నాయకుడు తెలుగు కావ్యాలు, తెలుగు వచనం రాశాడు. ఆ ఊళ్ళో ఇప్పుడు తెలుగు అక్షరం ఉన్న దుకాణం బోర్డు వెతకాలి. కనపడితే అది ఆంధ్ర, తెలంగాణ యాత్రికుల కోసం లాడ్జివాళ్ళు పెట్టినదై ఉంటుంది.

లాడ్జి అన్నాను కదా, అదే ఇక్కడి మార్పు. సన్నగా, పొడుగ్గా ఉండే మదురై ఇల్లు, ముందు గది, నడిమిల్లు, వంటిల్లు, పెరడు ఒకదాని వెనక ఒకటిగా ఉంటాయి. ఎత్తు కట్టడానికి లేదు కనుక పొడుగును ముక్కలు చేస్తారు. పడమటి పెరుమాళ్ మేస్త్రీ వీధి, టౌన్‌హాల్ రోడ్డు వైపు బస గదులు. మాసి వీధులవైపు పాత్రలు, బట్టలు, ప్లాస్టిక్ సామాను నిలవచేసే గోదాములు. ముందు గదిలో కొట్టు, నడిమింట్లో సరుకు, ఎవరూ కాపురం ఉండరు. నాయక్కర్ కొత్త వీధి పేరు విని అక్కడ నాయకుల ఇళ్ళు ఉంటాయని వెళ్ళేవారికి కనపడేది బేరసారాలే. మహలు చుట్టూ ఉన్న సౌరాష్ట్ర సోదరుల వీధుల్లోనూ ఇదే జరిగింది. వాళ్ళ భాషలో మన మాటలు చాలా కలిశాయి, వాళ్ళ బాధలోనూ మన బాధ కలిసింది. మగ్గం చప్పుడు ఆగిన ఇంట్లో సుంగుడి చీరల సరుకు మూటలు ఉంటాయి.

స్మార్ట్ సిటీ పథకంలో చిత్తిరై వీధులకు రాతి పరుపు వేశారు, ఉత్తరావణిమూల వీధిలో అంతస్తుల కార్ల పార్కింగు కట్టారు, పెరియార్ బస్టాండును కొత్తగా కట్టి 2021 డిసెంబరులో తెరిచారు. పుదుమండపంలో తరతరాలుగా కుట్టుపని, పుస్తకాలు, పాత్రలు అమ్మినవారిని కొత్తగా కట్టిన కున్నత్తూరు సత్రంలోకి మార్చారు. తిరుమల నాయకుడు కట్టించిన మండపానికి ఊపిరి ఆడింది, అందులో సందేహం లేదు. రాతి స్తంభాలకు మేకులు కొట్టి గుడ్డలు వేలాడదీయడం చూసినవాళ్ళకు అది అవసరమనే అనిపిస్తుంది. కానీ అళగర్ ఉత్సవానికి వేషాలు కుట్టించుకోవడానికి పల్లెలనుంచి వచ్చేవాళ్ళు నేరుగా మండపానికే వచ్చేవారు. ఇప్పుడు అడుగుతూ వెతుక్కుంటారు.

మనవాళ్ళు ఎక్కడికి పోయారంటే, కె.కె. నగర్, అణ్ణా నగర్, తిరుప్పాలై, విల్లాపురం. కారు పెట్టుకోను చోటు, పిల్లల బడి, ఆసుపత్రి అక్కడే. చిత్తిరై పండుగకు మాసి వీధికి కారులో వచ్చి, తేరు చూసి, పాత ఇంటి అద్దెదారుతో రెండు మాటలాడి వెళ్తారు.

ఈ అద్దెల విషయంలో ఒకటి గమనించాలి. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం పోయి, 2017లో చేసిన కొత్త చట్టం 2019 ఫిబ్రవరి 22 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు రాతపూర్వకమైన ఒప్పందం, దాన్ని నమోదు చేయించడం తప్పనిసరి. మాట మీద యాభై ఏళ్ళుగా పాత అద్దెకు ఉన్న కుటుంబాల చేతిలో ఇప్పుడు పట్టు లేదు. మనవాళ్ళు ఈ వ్యవహారంలో రెండు వైపులా ఉన్నారు. ఇంటి యజమానులుగా సంతోషించినవారూ ఉన్నారు, తెలుగు యజమాని చేతే ఖాళీ చేయించబడ్డ తెలుగు టైలరూ ఉన్నాడు.

వీధి పేర్లు

2025 అక్టోబరులో తమిళనాడు ప్రభుత్వం ఊళ్ళు, వీధులు, రోడ్లు, చెరువుల పేర్లలోని కులం మాటలు తీసివేయాలని ఉత్తర్వు ఇచ్చింది. స్థానికుల అభిప్రాయం తీసుకోవాలని అందులోనే ఉంది. అదే నెలలో జి.డి. నాయుడుగారి పేరు ఫ్లైఓవర్‌కు పెట్టినప్పుడు, మరి 'నాయుడు' మాట ఏమిటని వాదన లేచింది. రెండు పక్కలా పత్రికల్లో చదివాం.

నా అభిప్రాయం చెప్తాను, సంఘంలో కొందరికి నచ్చకపోవచ్చు. ఒక కులాన్ని కించపరిచే పేరు వీధికి ఉంటే అది పోవలసిందే. ఆ పేరు చిరునామాలో రాసుకుని ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకునే పిల్లవాడి బాధ మనకు తెలియాలి. కానీ మన విషయంలో ఒక చిక్కు ఉంది. ఈ నగరాల్లో తెలుగువారు ఒకప్పుడు ఫలానా చోట ఉండేవారని చెప్పే గుర్తు వీధి పేరు ఒక్కటే మిగిలిన చోట్లు ఉన్నాయి. తెలుగు బ్రాహ్మణ వీధిలో 'బ్రాహ్మణ' అన్నది కులం, 'తెలుగు' అన్నది భాష. తీసివేసేటప్పుడు మొదటి మాట తీసి రెండోది ఉంచమని అడగవచ్చు. అభిప్రాయ సేకరణ జరిగినప్పుడు ఎవరూ రాకపోతే పూల పేరో, నదుల పేరో పెట్టేస్తారు. పూలకు అభ్యంతరం లేదు, చరిత్ర ఉండదంతే. మీ వార్డులో ఇటువంటి నోటీసు వస్తే, కోపంగా కాక, రెండు వాక్యాల వినతిపత్రం తమిళంలో రాసి ఇవ్వండి. పాత పేరు ఏ పత్రంలో ఏ సంవత్సరం నుంచి కనపడుతోందో జత చెయ్యండి. కార్పొరేషనులో కాగితానికి ఉన్న విలువ ఉపన్యాసానికి లేదు.

మాట ఎక్కడ మాట్లాడతాం

ఇంట్లో తెలుగు నిలవడానికి వీధి చేసిన సాయం మనం అప్పుడు గుర్తించలేదు. 2006లో వచ్చిన చట్టంతో బడుల్లో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. ఇక్కడ ఉండి తమిళం నేర్వకపోతే ఎలా, అది నేర్వవలసిందే. కానీ దానికి ముందే మన పిల్లల్లో చాలామందికి తెలుగు అక్షరం రాదు. మాట మాత్రం వచ్చు. ఆ మాట బడిలో నేర్చింది కాదు. అమ్మమ్మ, పక్కింటి అత్త, కొట్టు నాయుడు, గుడి పూజారి, ఇలా రోజుకు పదిమంది తెలుగు మాట్లాడేవాళ్ళు నడిచే దూరంలో ఉండబట్టి వచ్చింది. అపార్టుమెంటులో ఆ పదిమంది ఇద్దరయ్యారు, ఆ ఇద్దరూ ఇంట్లోవాళ్ళే.

ఇందులో ఒక విచిత్రం ఉంది. పీళమేడు, శరవణంపట్టి ఫ్లాట్లలో ఇప్పుడు విజయవాడ, హైదరాబాదు నుంచి వచ్చిన తెలుగు పిల్లలు ఉద్యోగాలు చేస్తున్నారు, కాలేజీల్లో చదువుతున్నారు. మన తెలుగు వింటే వాళ్ళు ముందు నవ్వుతారు. 'మచ్చు', 'తిన్నె' అంటే ఏమిటని అడుగుతారు, తమిళ యాస అంటారు. వాళ్ళ తెలుగులో సగం ఇంగ్లీషు ఉందని మనం నవ్వుకుంటాం. అయినా సరే, వాళ్ళను ఉగాదికి పిలిచిన సంఘాల్లో కుర్చీలు నిండాయి. అక్షరాలు నేర్పడానికి ఆదివారం ఒక గంట వచ్చే టీచర్లు వాళ్ళలోనే దొరుకుతున్నారు. పాత కుటుంబాల్లో అక్షరం వచ్చినవాళ్ళు డెబ్బై దాటారు.

ఇల్లు అమ్మే ముందు

ఇప్పుడు కాగితాల సంగతి. సంఘంలో అడిగేవాళ్ళకు నేను చెప్పేది ఇది.

పట్టా ఎవరి పేరున ఉందో ముందు చూడండి. నగరంలో అయితే టౌన్ సర్వే రిజిస్టరు నకలు తీయాలి. విల్లంగం సర్టిఫికెట్టు, అంటే ఆస్తి మీద ఉన్న లావాదేవీల పత్రం, రిజిస్ట్రేషను శాఖ వెబ్‌సైటులో తీసుకోవచ్చు. ఎంత వెనకటి సంవత్సరం నుంచి తీస్తే అంత మంచిది. తాతగారి పేరున ఉంటే వారి మరణ ధ్రువపత్రం, వారసుల సర్టిఫికెట్టు తహశీల్దారు ఆఫీసులో సంపాదించాలి. తండ్రి చనిపోయిన తర్వాత వారసుల సర్టిఫికెట్టు విడిగా కావాలి, ఇద్దరిదీ ఒకటి చాలదు. జాయింట్ వెంచర్ అయితే మీకు వచ్చే ఫ్లాటుతో పాటు భూమిలో విభజించని వాటా ఎన్ని చదరపు అడుగులో ఒప్పందంలో అంకెల్లో ఉండాలి. కట్టడం ఆగిపోతే అద్దె ఎవరు కడతారో రాయించుకోండి. బిల్డరు తెచ్చిన వకీలు మీ వకీలు కాదు.

పాత పెట్టెలో తాటాకులు, తెలుగులో రాసిన జమాఖర్చు పుస్తకాలు, కులదైవం గుడి లెక్కలు ఉంటే పాతసామాను కొనేవాడికి తూకం వెయ్యకండి. తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలోను, చెన్నై ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలోను తెలుగు తాళపత్రాలు భద్రంగా ఉన్నాయి. అక్కడికి రాసి అడగవచ్చు. ఇచ్చే ముందు ఫోటోలు తీసి ఒక కాపీ ఇంట్లో ఉంచుకోండి.

ఇంకొకటి ఉమ్మడి ఆస్తి. వీధి చివర భజన మందిరం, చిన్న సత్రం, పెళ్ళి పాత్రల గది, కులదైవం గుడి ముందరి ఖాళీ స్థలం, ఇటువంటివి ఎవరి పేరున ఉన్నాయో చాలా చోట్ల ఎవరికీ తెలియదు. మూడు తరాల కింద నలుగురు పెద్దల పేరున కొన్నారు, వారు పోయారు, ట్రస్టు పత్రం రాయలేదు. ఇళ్ళున్నంత కాలం ఆ స్థలానికి కాపలా ఉంది. ఇళ్ళు అమ్మి అందరూ వెళ్ళాక ఆ నలుగురిలో ఒకరి మనవడు వచ్చి వారసుణ్ణని అమ్ముకుంటే ఆపేవాళ్ళు ఉండరు. ఇలా పోయిన స్థలాలు మనకు తెలుసు. కాబట్టి సొంత ఇల్లు అమ్మే ఆలోచన ఉన్న కుటుంబాలు ముందుగా చెయ్యవలసింది, వీధిలో మిగిలిన వారితో కూర్చుని ఈ ఉమ్మడి ఆస్తిని రిజిస్టరైన ట్రస్టు కిందికి తేవడం. పంపకం రోజున అయిదో వాటా వెయ్యగల తాహతు మనలో అందరికీ లేదు. ఉన్న ఉమ్మడి వాటాను కాగితం మీదికి ఎక్కించడానికి తాహతు అక్కర్లేదు, స్టాంపు ఖర్చు, నాలుగు సంతకాలు, రెండు మూడు సార్లు ఆఫీసుకు తిరిగే ఓపిక చాలు.

మీ దగ్గర ఉన్న పాత పత్రాల జిరాక్సులు, వీధి పాత ఫోటోలు, ఉమ్మడి స్థలాల వివరాలు ఉంటే మీ దగ్గరి తెలుగు సంఘానికి ఇవ్వగలరు. అసలు పత్రాలు ఎవరికీ ఇవ్వకండి, సంఘానికైనా సరే.